బీఆర్క్ అవగానే పాఠాలు చెప్పడానికి వెళ్లొచ్చా?

కందుకూరు నుంచి అడిగిన అమ్మాయికి ఈ జవాబు. మీ ప్రశ్న నాకర్థమైనంతలో ఇదీ, తప్పయితే దిద్దండి: బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, అయిదో ఏడాదిలో ఉన్నారు. డిజైన్ ఇష్టమే గానీ ఆఫీసుల్లో రాత్రి పదకొండు దాకా కూర్చోవడం మీ వల్ల కాదనిపిస్తోంది. అందుకని ఆర్కిటెక్చరో, ఇంటీరియర్ డిజైనో పాఠాలు చెప్పే వైపు పోదామనుకుంటున్నారు. దానికి ఎంఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో పీజీ) ఎందులో చెయ్యాలి, పీహెచ్‌డీ తప్పనిసరా, ఒంగోలు, నెల్లూరు వైపు ఉంటూ రీసెర్చి కుదిరే పనేనా అని అడిగారు. ఇంట్లోవాళ్లేమో "టీచరుద్యోగమైతే ఆడపిల్లకు హాయి" అంటున్నారట.

నా జవాబు: రండి, కానీ ఇప్పుడే రావద్దు. రెండు మూడేళ్లు సైట్లు తిరగండి, తర్వాత ఎంఆర్క్ చేయండి, అప్పుడు రండి. పీహెచ్‌డీ ఉద్యోగంలో చేరాక మొదలుపెట్టినా సరిపోతుంది. రీసెర్చికి మాత్రం మన వైపు ఉన్నంత సరుకు చాలామందికి దొరకదు. ఆ "హాయి" సంగతి కింద చెప్తాను.

నాది కావలి. 2001లో బీఆర్క్ అయింది. మూడేళ్లు నెల్లూరులో ఒక చిన్న ఆఫీసులో పనిచేసి, ఎంఆర్క్ చేసి, అప్పట్నుంచీ కాలేజీల్లోనే ఉన్నా, ముందు చెన్నైలో, ఇప్పుడు విజయవాడ వైపు. కాబట్టి ఇదంతా నేను చూసిన మేరకు చెప్పేది, వేరేవాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు.

ముందు సైటు ఎందుకంటున్నానంటే ఒక మెట్ల కథ చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, వేదాయపాళెంలో ఒక డాబా ఇల్లు. వంటింట్లోంచి పెరట్లోకి పోయే దారిని నేను మెట్ల మధ్య ల్యాండింగు (మెట్లు మలుపు తిరిగే చోటి చదును) కిందుగా తీశాను. ప్లాన్లో చూస్తే భలే కుదిరింది, ఒక్క చదరపు అడుగు కూడా దండగ లేదని మురిసిపోయాను. మేస్త్రి డ్రాయింగు అటూ ఇటూ తిప్పి చూసి, బీడీ చెవి మీద పెట్టుకుని, "ఏందమ్మా, ఈ దావన పొయ్యేది మనుషులా, గొర్రెలా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన టేపు తీసి గోడకు ఆనించాడు. ఫ్లోరు ఎత్తు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. ఏడేసి అంగుళాల మెట్లు పద్దెనిమిది. నేను చక్కగా సగానికి, తొమ్మిది మెట్లకు ల్యాండింగు ఇచ్చాను. అంటే 63 అంగుళాలు, అయిదడుగుల మూడు. అందులో శ్లాబు మందం అయిదంగుళాలు పోతే కింద మిగిలేది నాలుగడుగుల పది. పెరట్లోకి పోవాలంటే ఇంటావిడ రోజూ వంగి దణ్ణం పెట్టుకుంటూ పోవాలి.

అక్కడే ఇటుక ముక్కతో గోడ మీద గీసి ఆయనే దారి చెప్పాడు. మొదటి వరసలో పదమూడు మెట్లు పోనిచ్చి అక్కడ ల్యాండింగు వేద్దాం, మిగతా అయిదూ తిప్పుదాం అన్నాడు. పదమూడు మెట్లకు 91 అంగుళాలు, శ్లాబు పోగా 86, అంటే ఏడడుగుల రెండంగుళాలు. తల తగలదు. కాకపోతే పదంగుళాల వెడల్పు మెట్లు నాలుగు అదనంగా వచ్చాయి కాబట్టి వరస మూడడుగుల నాలుగంగుళాలు హాల్లోకి జరిగింది, ఓనరు నెల రోజులు సణిగాడు. ఆ సణుగుడు కూడా చదువులో భాగమే, ఒకచోట లాగితే ఇంకోచోట ఊడుతుందని తెలిసేది అక్కడే.

అయిదేళ్ల కాలేజీలో నాకు ఎవరూ సెక్షన్ (కట్టడాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) అనేది ఎందుకు గీస్తామో అంత బాగా చెప్పలేదు. ఆ మేస్త్రి లెక్కనే ఇరవయ్యేళ్లుగా మూడో సెమిస్టరు పిల్లలకు ఇస్తున్నాను, ఏటా సగం మంది తొమ్మిది మెట్ల దగ్గరే పడతారు. ఈమధ్య ఏఐతో చేసిన బొమ్మలు తెస్తున్నారు, వెలుతురు, నీడ, మొక్కలు అద్దిరిపోతుంటాయి. నేను ఏమీ అనను, "మెట్లు లెక్కపెట్టు" అంటాను. ఒక్కోసారి మెట్లు పైకి పోయి గోడలో దూరతాయి. అది చూడగానే పట్టుకోవాలంటే మీరు ఒకసారైనా ఆ తప్పు చేసి, ఎవరో ఒకరి చేత తిట్లు తిని ఉండాలి. బీఆర్క్ అయిన వెంటనే పాఠాలకొచ్చిన వాళ్లను చాలామందిని చూశాను. తెలివైనవాళ్లే, కానీ పుస్తకంలోంచి తీసి నోట్సులో పోస్తారు, పిల్లాడు "సార్, ఇది కడతారా?" అనడిగితే జవాబుండదు. చదువు చెప్పడం, కట్టడం వేరువేరు దారులు కావు. ఆర్కిటెక్ట్ బీవీ దోషి పారిస్‌లో పేరుమోసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ఆఫీసులో పనిచేసి వచ్చాకే 1962లో అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్చర్ స్కూలు మొదలుపెట్టాడు, అదే ఈనాటి సెప్ట్ యూనివర్సిటీ. స్కూలు నడుపుతూనే కట్టడాలూ కట్టాడు, 2018లో ఆర్కిటెక్చర్‌లో అన్నిటికన్నా పెద్దదనే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. అంత ఎత్తు మనకు అక్కర్లేదు గానీ వరస అదే.

ఒక పని మాత్రం వెంటనే చేసుకోండి. డిగ్రీ చేతికి రాగానే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్. పాఠాలే చెప్తాను కదా అని వదిలేసి, ఇంటర్వ్యూ ముందు వారంలో పరిగెత్తిన వాళ్లు నాకు తెలుసు.

ఇక "హాయి" సంగతి. క్లాసు రెండు గంటలు, మిగతాది ఖాళీ అనుకుంటారు ఇంట్లో. స్టూడియో, అంటే పిల్లలు డిజైన్ చేస్తుంటే ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చూసే క్లాసు, అలా ఉండదు. సెక్షనుకు నలభై మంది పిల్లలు, టీచర్లు ఇద్దరే ఉన్న రోజు తలా ఇరవై మంది. ఆరు గంటల స్టూడియోలో ఒక్కొక్కరికి పద్దెనిమిది నిమిషాలు, అందులో మీరు మంచినీళ్లు తాగే టైము కూడా కలిపే. ఇరవై మందివి ఇరవై ప్లాన్లు, ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. ఒకరిది ఆసుపత్రిలో మార్చురీ పిల్లల వార్డు పక్కనుంటుంది, ఇంకొకరికి కాన్సెప్టు తామరపువ్వు. పద్దెనిమిదో నిమిషానికి ఆ పిల్లకు తను ఏం మార్చాలో తెలిసి లేవాలి, మీరు మార్చి ఇవ్వకూడదు. ట్రేసింగ్ పేపరు తీసి వాళ్ల డ్రాయింగు మీద మీరే గీసేస్తే అది మీ ప్రాజెక్టు అవుతుంది. ఈ ఒక్కటి నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

జ్యూరీ రోజు, అంటే పిల్లలు తమ డిజైన్ అందరి ముందూ పెట్టి మార్కులు వేయించుకునే రోజు, ఇంకో కథ. నా చిన్నప్పటి జ్యూరీల్లో షీటు చింపి విసిరేసినవాళ్లున్నారు, అదేదో గొప్పగా చెప్పుకునేవాళ్లు కూడా. నేను కూడా మొదట్లో గొంతు పెంచేదాన్ని, ఒప్పుకుంటున్నా. ఒకసారి బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడు మూడు రాత్రులు నిద్రలేకుండా మోడల్ చేసుకొచ్చి, నేను సర్క్యులేషన్ (లోపల మనుషులు నడిచే దారులు) గురించి ఒక మాట కటువుగా అనగానే ఏమీ మాట్లాడకుండా మోడల్ అట్ట ముక్కల్ని ఒక్కొక్కటే ఊడదీసి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఫెవికాల్ ఊడే ఆ చప్పుడు గుర్తుంది. అప్పట్నుంచి ముందు "ఇందులో నీకు బాగా నచ్చింది ఏది, చూపించు" అని అడిగి గానీ మొదలుపెట్టను. మార్కులు మాత్రం తగ్గించాల్సిన చోట తగ్గిస్తాను, అదీ ఇదీ కలపను.

ఎంఆర్క్ ఇంటీరియర్సా, ఇంకోటా? మీకు నిజంగా లోపలి పని మీద మనసుంటే ఇంటీరియర్సే చేయండి, తేలిగ్గా ఉంటుందని మాత్రం వద్దు. కొన్ని చోట్ల ఎంఆర్క్‌లోనే ఇంటీరియర్స్ ఉంటుంది, కొన్ని చోట్ల ఎండెస్ (డిజైన్‌లో పీజీ) ఉంటుంది. ఆర్కిటెక్చర్ కాలేజీలో ఉద్యోగం కావాలంటే ఎంఆర్క్ ఉన్నవాళ్లకు పేచీ తక్కువ. ఎండెస్ తీసుకుంటే ముందే నాలుగైదు కాలేజీల ఉద్యోగ ప్రకటనలు తెచ్చుకుని అర్హతల పేరా మాట మాట చదవండి. పీజీ సీట్ల కోసం గేటు పరీక్ష రాయండి, ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి సైట్లో ఉంటూ రాసి పెట్టుకోవచ్చు. ఆ స్కోరుతో ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) లాంటి కేంద్ర సంస్థలో సీటొస్తే నెలకు 12,400 స్టైపెండు, ఇంటి మీద భారం పడదు. విజయవాడలో 2008 నుంచి ఎస్‌పీఏ ఉంది, ఒంగోలు నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే అక్కడుంటారు.

ఇంటీరియర్ డిజైన్ గురించి ఇంకో మాట. ఆర్కిటెక్చర్‌కు 1972 చట్టం ఉంది, కౌన్సిల్ ఉంది. ఇంటీరియర్స్‌కి అలాంటి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు, అందుకే ఆర్నెల్ల సర్టిఫికెట్ కోర్సు నుంచి నాలుగేళ్ల డిగ్రీ దాకా అన్నీ అదే పేరుతో నడుస్తాయి. 2020 మార్చిలో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం ఆపేది "ఆర్కిటెక్ట్" అనే పేరు పెట్టుకోవడాన్నే గానీ డిజైన్ పని చేయడాన్ని కాదని తేల్చింది. దీనివల్ల పాఠాలు చెప్పేవాళ్ల మీద బరువు పెరిగింది, ఎందుకంటే ఇక్కడ వడపోత బయటెక్కడా లేదు, క్లాసులోనే ఉండాలి.

ఇంటీరియర్స్ అంటే రంగులూ కర్టెన్లూ అనుకునే పిల్లలకు నేను మొదటి వారం వంటింటి గట్టు ఇస్తాను. ఒంగోలు అమ్మాయి ఒకతె 36 అంగుళాల ఎత్తు గీసుకొచ్చింది. ఎక్కడిదమ్మా అంటే పుస్తకంలో ఉంది మేడమ్ అంది. అది అమెరికా పుస్తకం, అమెరికా ఆడవాళ్ల మోచెయ్యి. మీ అమ్మను కొలిచి రా అని ఊరికి పంపాను. వాళ్లమ్మ ఎత్తు నాలుగడుగుల పదకొండు, మోచెయ్యి నేల నుంచి 37 అంగుళాలు. పిండి పిసకాలన్నా, కూర తరగాలన్నా గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుండాలి, అంటే 32 దగ్గర. "మా ఇంట్లో గట్టు 35 ఉంది మేడమ్, అమ్మ చపాతీలు చేసేటప్పుడు పీట వేసుకుని నిలబడుతుంది, నేను ఇన్నేళ్లు చూస్తూనే ఉన్నా" అంది ఆ పిల్ల. మన శరీరాల కొలతలు 1997లోనే అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) అచ్చేసింది, అయినా మన కాలేజీల్లో ఇంకా ఆ అమెరికా కొలతలే తిరుగుతుంటాయి.

నా తప్పు కూడా చెప్పాలి కదా. తుమ్మలపెంట రోడ్డులో ఒక ఇంటికి కబోర్డులు చేయించాను, 2003లో. ప్లైవుడ్ మంచిదే వేయించా, నీళ్లకు తట్టుకునే 710 గ్రేడు మెరైన్ ప్లై, దాని మీదే దృష్టంతా. తలుపుల కీళ్లు మాత్రం మామూలు ఇనుపవి. ఉప్పుగాలికి రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి తలుపులు వాలిపోయాయి. చెక్క నిక్షేపంగా ఉంది, పట్టుకునేది లేదు. స్టెయిన్‌లెస్ కీళ్లు నా డబ్బుతో మార్పించాను. ఈ పాఠం ఏ సిలబస్‌లోనూ లేదు, నా క్లాసులో ఉంది.

రీసెర్చి ఎక్కడ? మీ ప్రశ్నలో నాకు కొంచెం కోపం తెప్పించింది ఇదే, "మా వైపు ఏముంటుంది మేడమ్" అన్నారు. చీమకుర్తి మీకు ఎంత దూరం? ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్ల చిల్లర. బ్లాక్ గెలాక్సీ రాయి దేశదేశాలకు పోతోంది, ఆ నల్లరాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం, మన పిల్లలు మాత్రం షీటు మీద ఇటాలియన్ మార్బుల్ అని రాస్తారు. కోతలో పోయే ముక్కలు, పాలిషింగ్ బురద గుట్టలు గుట్టలుగా పడున్నాయి, వాటితో ఏ ఇటుక వస్తుంది, ఏ ఫ్లోరింగ్ వస్తుంది అన్నది ఒక జీవితానికి సరిపడే పని. మార్కాపురం పలకరాయి వృథా కూడా అంతే.

నాకు బాగా ఇష్టమైనది మన పాత నెల్లూరు జిల్లాలోని వెంకటగిరి. నా విద్యార్థిని ఒకామె అక్కడ నేత ఇళ్ల మీద థీసిస్ చేసింది, నేను కూడా నాలుగుసార్లు వెళ్లాను. అక్కడ నేసేది గుంట మగ్గం. నేతగాడు నేల మట్టానికి కూర్చుని కాళ్లు గుంటలో పెట్టి తొక్కుతాడు. సన్నని నూలు కాబట్టి గాలి పొడిబారితే పోగు తెగుతుంది, గుంటలోని చెమ్మ దానికి మేలు. అందుకే కిటికీలు చిన్నవి, కిందికి ఉంటాయి, వెలుతురు పక్కనుంచి పోగుల మీద పడాలి, గాలి మాత్రం రివ్వున కొట్టకూడదు. ఇప్పుడు దీనికి పక్కా ఇల్లు గీయండి చూద్దాం. మనకు నేర్పిన సూత్రాల ప్రకారం పెద్ద కిటికీలు, ఎదురుబొదురు గాలి, ఎత్తు అరుగు. అన్నీ ఆ మగ్గానికి పడనివే. పోనీ పాత ఇల్లే మేలందామా అంటే, అక్టోబరు, నవంబరు వానలకు గుంటలోకి నీళ్లు ఊరి వారాల తరబడి పని ఆగిపోతుంది. ఒక ఇంట్లో పెద్దాయన గుంటలోంచి చెంబుతో నీళ్లు తోడి పోస్తూనే మాతో మాట్లాడాడు. "ఇల్లు మంచిదే కట్టిచ్చారమ్మా, మగ్గం యాడ పెట్టుకోవాలో చెప్పలే" అన్నాడు కొత్త ఇంటిని చూపిస్తూ. ఆ ఇంట్లో పెద్ద గది కూడా మగ్గానికి మూడడుగులు తక్కువ. మా అమ్మాయి థీసిస్‌కి అదే మొదటి వాక్యమైంది.

నా పీహెచ్‌డీ నెల్లూరు మూలాపేట వైపు పాత మిద్దెల వేడి మీద. దూలాలు, దంతెలు, పైన ఇటుక, సున్నం వేసిన మద్రాసు మిద్దెలు. ఒక ఏడాది టెంపరేచర్ లాగర్లు (వేడిని వాటంతటవే రాసుకునే చిన్న పరికరాలు) పెట్టి తిరిగాను. "పాత ఇళ్లు చల్లగా ఉంటాయి" అని రుజువు చేద్దామని మొదలుపెట్టాను, సగమే నిజమని తేలింది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం నిజంగానే చల్లన. రాత్రి మాత్రం ఆ మందపాటి గోడలు, మిద్దె పగలంతా తాగిన వేడిని కక్కుతాయి, సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాత్రి త్వరగా చల్లారదు కూడా. మా తాతలు మండువాలోనో మిద్దె పైనో నులకమంచం వేసుకున్నది సరదాకు కాదన్నమాట. మీరు అనుకున్నది తప్పని తేలడమే పీహెచ్‌డీలో అసలు లాభం, కానీ ఆ మూడో ఏడాది నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

పీహెచ్‌డీకి యూజీసీ నిబంధనల్లో కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల లోపు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ కుదురుతుంది. చేరడానికి తప్పనిసరి కాదు, పైకి ఎదగాలంటే తప్పదు. పేపర్ల విషయంలో ఒక్క హెచ్చరిక: డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే జర్నళ్ల మెయిళ్లు రోజూ వస్తాయి, తెరవకండి.

జీతం సంగతి క్లుప్తంగా. యూజీసీ ఏడో వేతన స్కేల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలు. ప్రైవేటులో అది కాగితం మీద ఉంటుంది, చేతికొచ్చేది బేరాన్ని బట్టి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చేయకండి. నేను మొదట్లో చేరిన ఒక కాలేజీలో వెరిఫికేషన్ అని తీసుకుని, మానేస్తానన్నప్పుడు ఎనిమిది నెలలు తిప్పారు. అక్కడే ఇన్‌స్పెక్షన్ రోజు స్టాఫ్ రూములో నేను ఎన్నడూ చూడని ముఖాలు కనిపించేవి, టీచర్ల లెక్క చూపించడానికి తెచ్చినవాళ్లు, సాయంత్రం బిర్యానీ తిని వెళ్లిపోయేవాళ్లు. చేరేముందు అక్కడి నాలుగో సంవత్సరం పిల్లలతో టీ తాగుతూ పది నిమిషాలు మాట్లాడండి, వెబ్‌సైట్ చెప్పనివన్నీ వాళ్లు చెప్తారు.

ఊళ్లోనే ఉండి చేయడం గురించి: ఉద్యోగం చెన్నైలోనో విజయవాడలోనో దొరకొచ్చు, శనివారం బండెక్కితే ఫీల్డ్‌వర్కు మన ఊళ్లో. నేను ఇరవయ్యేళ్లుగా చేస్తున్నది అదే. ఇంట్లోవాళ్లకు "సెలవులకు వచ్చింది" అని సంతోషం, మనకు కొలతలు.

మీ థీసిస్ కందుకూరు మార్కెట్ యార్డు అని రాశారు కదా. షీట్లు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. ఎలివేషన్ రెండర్లు (బయటి వైపు చూపే రంగుల బొమ్మలు) వద్దు. మెట్ల గుండా తీసిన సెక్షన్ ఒకటి, కొలతలతో, పెట్టండి చాలు.